ఆవిరి అన్న మాట

మా ఆయన సిగరెట్ మానాలని గట్టిగా అనుకున్నది డాక్టరు చెప్పినందుకు కాదు, నేను పోరు పెట్టినందుకూ కాదు. కారంపూడిలో కాలువ నీళ్ళ గురించి అధికారులతో జరిగిన మీటింగులో మైకు పట్టుకుని మాట్లాడలేకపోయినందుకు.

మాది కారంపూడికి దగ్గర్లోని పల్లె. మిరప, పత్తి వేస్తాం. కాలువ నీళ్ళు చివరి చేలదాకా వచ్చిన ఏడు కాస్త వరి కూడా. మా ఆయన సేద్యం చేస్తూనే ఊరి రాజకీయాల్లో తిరుగుతారు. పదవంటూ ఏమీ లేదు గాని, ఎవరికి ఏ ఆఫీసులో పని పడినా ముందు మా గడప తొక్కి తర్వాత అక్కడికి వెళతారు. నేను నరసరావుపేట దారిలోనే ఇంకో ఊళ్ళో హైస్కూలు తెలుగు టీచర్ని.

ఆ రోజు మీటింగులో నేను లేను. ఇంటికొచ్చాక మరిది చెప్పాడు. చివరి భూములకు నీళ్ళెందుకు రావడం లేదో చెప్పమని ఊరివాళ్ళు మా ఆయన్ని లేపారట. నాలుగు మాటలు అన్నారో లేదో దగ్గు అందుకుంది. మైకు ఆ దగ్గును షామియానా దాటించి రోడ్డు మీది టీకొట్టు దాకా వినిపించింది. నీళ్ళు తాగి మళ్ళీ మొదలుపెడితే మళ్ళీ దగ్గు. అప్పుడు ఎదుటి వర్గం మనిషి లేచొచ్చి, "నువ్వు కూకో బావా, నేను చెబుతాలే" అని చేతిలోంచి మైకు తీసుకున్నాడు. జనం నవ్వలేదు. నవ్వినా బాగుండేదని మా ఆయన తర్వాత అన్నారు.

మా అత్త వసారాలో మంచం మీద కూర్చుని అంతా విన్నది. "మీ నాయన చుట్ట తాగి గొంతు పోగొట్టుకున్నాడు. నువ్వు మైకు పోగొట్టుకున్నావు" అన్నది. మా మామగారు గొంతు కేన్సర్‌తో పోయారు. చివరి నెలల్లో ఏం కావాలన్నా గ్లాసుతో మంచం కోడు మీద కొట్టి పిలిచేవారు. ఆ చప్పుడు గుర్తున్నవాళ్ళు ఆ మాటకు బదులు చెప్పలేరు.

మర్నాటి నుంచి ఆయన మానడం మొదలుపెట్టారు. జేబులో లవంగాలు, సోంపు పొట్లం. పొద్దున కాఫీ తాగాక ఏం చెయ్యాలో తోచక వాకిట్లో అటూ ఇటూ నడిచేవారు. పత్తి తీసే ఆడవాళ్ళ మీద ఊరికే కేకలేసి, మధ్యాహ్నానికి తనే వాళ్ళకు మజ్జిగ పంపించేవారు. వారం తిరక్కుండా చొక్కా జేబులో అగ్గిపెట్టె కనిపించింది. నేను తీసి బల్ల మీద పెట్టాను.

ఇలా మానడం, మళ్ళీ ముట్టించడం సాగుతుండగా ఒక ఆదివారం పొద్దున టీవీలో ఆ కార్యక్రమం వచ్చింది. రోజూ ఏదో ఒక రోగం గురించి మాట్లాడే కార్యక్రమమే. తెల్లకోటు వేసుకున్న ఒకాయన, ఎదురుగా నవ్వుతూ తలూపే యాంకరు. వాళ్ళ వెనక తెర మీద ఏ దేశంలోదో పచ్చని కొండ, దాని మీద ఒక మగా ఆడా నిలబడి నోట్లోంచి తెల్లటి మబ్బులు వదులుతున్నారు. కింద అక్షరాలు పోతున్నాయి: సిగరెట్‌కు ప్రత్యామ్నాయం. పొగ కాదు, ఆవిరి. తెల్లకోటాయన "కొందరు నిపుణుల అభిప్రాయం" అన్నాడు, "విదేశాల్లో" అన్నాడు. మన దేశంలో వీటిని అమ్మడం నిషేధమన్న సంగతి చివర్లో, ప్రకటనలకు వెళ్ళే ముందు గబగబా అనేశాడు. అప్పటికి మా ఆయన సౌండు పెంచడం మానేసి ఫోన్లో వెతకడం మొదలుపెట్టారు.

ఆ నెలలోనే మేం వేయించుకునే పేపరు ఆదివారం అనుబంధంలో అదే విషయం అరపేజీ రంగుల్లో వచ్చింది. తర్వాత కొద్ది రోజులకు అదే పేపరు లోపలి పేజీలో, ఏదో ఊళ్ళో పాన్‌షాపు మీద పోలీసులు దాడి చేసి ఆ మెషిన్లే పట్టుకున్నారని వేలెడంత వార్త. మొదటిదాన్ని మా ఆయన కత్తిరించి దాచుకున్నారు. రెండోది చదివింది ఇంట్లో నేనొక్కదాన్నే.

నేను తెలుగు చెప్పేదాన్ని. మాటల దగ్గర ఆగడం నాకు అలవాటు. ఆ కార్యక్రమం చేసిన పనంతా ఆవిరి అన్న ఆ ఒక్క మాటలో ఉందని నాకు తర్వాత తోచింది. మా ఇళ్ళల్లో ఆవిరంటే మందు. పడిశం పట్టిన పిల్లలకు మరిగే నీళ్ళలో పసుపూ వావిలాకూ వేసి దుప్పటి కప్పి పట్టించేది. జ్వరం పడి లేచినవాడికి ఆవిరి మీద ఉడికిన ఇడ్లీ పెడతాం. పొగ అంటే కళ్ళు మండేది, మసి పట్టేది, వల్లకాట్లోంచి లేచేది. పొగ వద్దన్న నోటితోనే ఆవిరి వద్దనడానికి ఎవరికీ మనసొప్పదు. మా అత్తకే ఒప్పలేదు. నేను సందేహం చెప్పబోతే, "ఆవిరే గదంటమ్మా! పట్టనియ్యి. లోపలి కఫం కడుక్కుపోయిద్ది" అన్నది.

ఆ మెషిన్ తెచ్చింది హైదరాబాదులో ఉద్యోగం చేసే మా ఆడబిడ్డ కొడుకు. పెన్నంత ఉంది. నోట్లో పెట్టి పీలిస్తే చివర నీలం లైటు వెలుగుతుంది. మామిడి తాండ్ర వాసన.

"అమ్మకూడదంటగా ఇయ్యి?" అని అడిగాను.

"మా ఆఫీసులో సగం మంది దగ్గరున్నాయి అత్తయ్యా. మావయ్య సిగరెట్ మానితే చాలు గదా మనకు" అన్నాడు.

ఉన్నమాట చెప్పాలి. మొదటి నెల మా ఇల్లు బాగుంది. దగ్గు తగ్గింది. దిండు గలీబులకు పాత కంపు లేదు. ఆయన మనిషి తేటపడ్డారు. రాత్రి భోజనాల దగ్గర మళ్ళీ ఊరి కబుర్లు చెప్పడం మొదలుపెట్టారు. నరసరావుపేటలో ఆయన్ని చూసే ఊపిరితిత్తుల డాక్టరుగారు మాత్రం ఆ మెషిన్ చూసి మొహం చిట్లించారు. "ఇదీ వద్దండీ. మానడానికి వేరే మందులున్నాయి" అన్నారు. మా ఆయన తలూపి బయటికొచ్చి, కారెక్కాక మళ్ళీ పీల్చారు.

అప్పుడు నేను ఒకటి గమనించాను. సిగరెట్‌కు ఆయన వాకిట్లోకి వెళ్ళేవారు. కాలడం అయిపోతే లోపలికొచ్చేవారు. దీనికి అయిపోవడమంటూ లేదు. మంచం మీద, స్నానాలగదిలో, బండి తోలుతూ, అది చేతిలోనే ఉండేది. కరెంటు పోయిన రోజు ఛార్జింగు కోసం పక్కూరిదాకా వెళ్ళొచ్చారు. పైగా టీకొట్టు దగ్గర నలుగురిలో నిలబడినప్పుడు పాత సిగరెట్ రెండో మూడో పడుతూనే ఉండేవి.

మిరప కాపుకొచ్చే రోజుల్లో తోటలకు పురుగు తగిలింది. ఊళ్ళో అందరూ గగ్గోలు పెడుతున్నారు. మా ప్రాంతం వార్తలు పెట్టే యూట్యూబ్ ఛానెల్ అతను ఒకడు, గురజాల వైపు నుంచి మైకు పట్టుకొచ్చి మా ఆయన్ని తోటలోనే మాట్లాడించాడు. ఆదివారం కావడంతో నేను అన్నం క్యారేజీ పట్టుకుని వెళ్ళాను. చెట్టు కింద కూర్చుని అంతా విన్నాను. పురుగు గురించి మా ఆయన పావుగంట మాట్లాడారు, ఒక్కసారి కూడా దగ్గకుండా. నా మనసు నిండింది. అయ్యాక ఆయన జేబులోంచి మెషిన్ తీసి పీల్చారు.

"అదేందన్నా?" అన్నాడు ఛానెల్ అతను. మైకు ఇంకా చేతిలోనే ఉంది, కెమెరా ఆగలేదు.

మా ఆయన హుషారుగా చెప్పారు. ఆ మాటలు నాకు బాగా గుర్తున్నాయి. "ముప్పయ్యేళ్ళ అలవాటయ్యా నాది. ఇది పట్టుకున్నాక దగ్గు చానా తగ్గింది. పొగ కాదిది, ఆవిరి. అట్టాగని సిగిరెట్టు మొత్తం పోయిందని చెప్పను, రోజుకు రెండో మూడో పడతానే ఉన్నయ్యి. డాక్టరుగారు ఇది గూడా వద్దన్నారు. నేనేదో ముదిరిపోయినోణ్ణి. అసలు అలవాటు లేనోళ్ళు దీని జోలికి రాబాకండి."

రెండు రోజుల తర్వాత వీడియో వచ్చింది. పురుగు వీడియో కాదు. మా ఆయన మొహం పెద్దగా, పక్కన ఎర్ర బాణం గుర్తు, పైన "ముప్పై ఏళ్ళ సిగరెట్‌ను మాన్పించిన చిన్న మెషిన్! పల్నాడు రైతు నోట నిజం" అని పసుపు అక్షరాలు. లోపల ఆయన మాటలు మూడే ఉన్నాయి. ముప్పయ్యేళ్ళ అలవాటు, దగ్గు చానా తగ్గింది, పొగ కాదు ఆవిరి. మిగతాదంతా కోసేశారు.

"మీరు చెప్పింది సగం కూడా వెయ్యలేదు" అన్నాను.

"వాళ్ళకు టైముండదుగా" అన్నారు ఫోను మీంచి కళ్ళెత్తకుండా. ఆయన దాన్ని మళ్ళీ మళ్ళీ చూసుకుంటున్నారు. కారంపూడిలో మైకు లాక్కున్న రోజు తర్వాత తన గొంతు అంతమంది వినడం అదే మొదలు. నాకు ఆయన్ని ఇంకేమీ అనబుద్ధి కాలేదు. మరిది ఆ వీడియోను బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టి "మా అన్న" అని రాశాడు. దండాలు, చప్పట్లు వరసగా వచ్చాయి. మాచర్ల నుంచి, క్రోసూరు నుంచి ముక్కూ మొహం తెలియనివాళ్ళు ఫోన్లు చేశారు. ఆయన ఓపిగ్గా అందరితో మాట్లాడారు.

నరసరావుపేట హాస్టల్ నుంచి నాకు ఫోను వచ్చింది ఆ తర్వాత కొన్ని వారాలకు. అప్పుడు బడిలో పాఠం చెబుతున్నాను. మా మరిది కూతురు అక్కడ ఉండి డిగ్రీ చదువుతోంది. వాళ్ళ నాన్నంటే భయం కొద్దీ హాస్టల్లో చేరేటప్పుడు ఇంటి నంబరుగా నాది ఇచ్చింది. వార్డెన్ "ఒకసారి రండి, ఫోన్లో చెప్పేది కాదు" అన్నది. నేను సెలవు రాసి బస్సెక్కాను. దారంతా ఏవేవో ఊహించుకున్నాను. ఏ అబ్బాయితోనో పోయిందేమో అన్నదాకా ఊహ వెళ్ళింది.

వార్డెన్ బల్ల మీద గులాబీరంగు మెషిన్ ఒకటి ఉంది. మా ఇంట్లోదానికి చెల్లెల్లా ఉంది.

"దుప్పట్లు మార్చేటప్పుడు దొరికింది. ఇంకో ముగ్గురి దగ్గర కూడా ఉన్నాయి" అన్నది వార్డెన్. తర్వాత ఇబ్బందిగా ఫోను నా ముందు పెట్టింది. "మీ అమ్మాయి ఇది చూపించి, తప్పేంటి మేడమ్ అంటోంది. ఈ వీడియోలో ఉన్నది మీ ఆయనేనా?"

అవునన్నాను.

అమ్మాయిని మేడ మీదికి తీసుకెళ్ళాను. తీగల మీద ఆరేసిన బట్టల మధ్య, నీళ్ళ ట్యాంకు నీడలో ఇద్దరం కూర్చున్నాం. చిన్నప్పుడు నా దగ్గరే గుణింతాలు దిద్దిన పిల్ల. కళ్ళ కింద నలుపు, చేతులు ఒడిలో కుదురుగా ఉండటం లేదు.

"సిగరెట్లు తాగుతున్నావా?" అన్నాను.

"ఛీ, సిగరెట్ ఎందుకు తాగుతా పెద్దమ్మా? ఆ కంపు నాకు పడదు. నీకు తెలుసుగా, నాన్న పక్కన కూర్చోను."

"మరి ఇదేంది?"

"ఇది సిగరెట్ కాదుగా." కాసేపు గోరు కొరుక్కుంది. "రూమ్మేట్ దగ్గర ముందు నుంచీ ఉంది. పుదీనా వాసనొచ్చేది. రీల్స్‌లో అందరూ తాగతన్నారు, ఏంకాదు తీసుకోమంటే వద్దన్నా. రెండు మూడు సార్లు వద్దన్నా పెద్దమ్మా, ఒట్టు. తర్వాత నాన్న గ్రూపులో పెదనాన్న వీడియో పెట్టాడు. పెదనాన్న అట్టాంటివి ఊరికే చెప్పడు గదా. అప్పుడు తీసుకున్నా."

తోటలో చెట్టు కింద నేను విన్న మాటలు ఈ పిల్ల దాకా రాలేదు. అలవాటు లేనివాళ్ళు జోలికి రావద్దని ఆయన చెప్పింది ఈ పిల్లకే.

"సరే, అయిందేదో అయింది. ఇయ్యాల్టి నుంచి మానెయ్."

"మానాలనే చూస్తన్నా." చున్నీ కొస వేలికి చుట్టుకుంటోంది. "పొద్దున కళ్ళు తెరవకముందే చెయ్యి దిండు కింద వెతుకుద్ది. క్లాసులో గంటసేపు కూర్చోలేకపోతన్నా. నిన్న పరీక్షలో సగం రాసి బాత్రూమ్‌కని బయటికొచ్చా. గుండె దడదడలాడుద్ది. పెద్దమ్మా, ఆవిరికి ఇట్టా అవుద్దా?"

ఆ పిల్ల చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది.

"నాన్నకు చెప్పబాక. చదువు మానిపిస్తాడు. పెళ్ళి చేసి పంపించేస్తాడు" అన్నది. అది నిజం కావచ్చునని ఇద్దరికీ తెలుసు. ఆ నాన్న చొక్కా జేబులో ప్యాకెట్ లేని రోజును మా ఇద్దరిలో ఎవరమూ చూడలేదు.

అట్నుంచి అటే మా ఆయన్ని చూసే డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన అమ్మాయిని కసరలేదు. గుండె, ఊపిరి పరీక్ష చేసి నెమ్మదిగా చెప్పారు. లోపలున్న నికోటిన్ సిగరెట్‌లోదేనని, మరిగేది నీళ్ళు కాదని, పళ్ళ వాసన కలిపిన వేరే ద్రవమని. "ముప్పయ్యేళ్ళు సిగరెట్ కాల్చినవాడి సంగతి ఒకటి. అసలు ముట్టని పిల్ల సంగతి ఇంకొకటి. టీవీలో రెంటినీ ఒకే గాటన కట్టి మాట్లాడతారు. నా దగ్గరికి ఇద్దరూ వస్తారు" అన్నారు. మానిన కొత్తలో చిరాకు, నిద్రలేమి ఉంటాయని, భయపడొద్దని, వారం వారం రమ్మని చెప్పారు.

సాయంత్రం ఇంటికొచ్చి మా ఆయనతో చెప్పాను. ఆయన అప్పుడే తోట నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నారు. చెంబు కింద పెట్టేశారు.

"నేను చెప్పాగా, అలవాటు లేనోళ్ళు వద్దని. నువ్వున్నావుగా అక్కడ. చెప్పానా లేదా?"

"చెప్పారు. ఆ మాట వాళ్ళు వెయ్యలేదు."

ఆ రాత్రి ఆయన అన్నం ముట్టుకోలేదు. మర్నాడు పొద్దున్నే ఛానెల్ అతని దగ్గరికి బయల్దేరితే నేనూ వెంట వెళ్ళాను. ఆఫీసు ఒక సెల్‌ఫోన్ షాపు పైన చిన్న గది. గోడకు ఆకుపచ్చ గుడ్డ, దాని ముందు రెండు కుర్చీలు. అతను మర్యాదగానే లేచి నిలబడ్డాడు. చెడ్డవాడిలా లేడు. భార్య పంపిన టిఫిన్ డబ్బా బల్ల మీద సగం తిని ఉంది.

"తీసెయ్యమంటే తీసేస్తానన్నా" అన్నాడు. "కానీ మా ఛానెల్లో జనం అన్నిటికన్నా ఎక్కువ చూసింది అదే. మీ పురుగు వీడియో పెడితే ఎవడూ చూళ్ళేదు. నేను తీసినా లాభం లేదు, ఈ పాటికి పదిమంది కోసుకొని వాళ్ళ పేజీల్లో పెట్టుకున్నారు. ఒకడు పాట గూడా తగిలించాడు."

"నేను చెప్పిందాంట్లో సగం ఎందుకు కోశావు?"

"ఏది కొయ్యకుండా వేస్తాం అన్నా? తగ్గింది, కానీ తగ్గలేదు, డాక్టరు వద్దన్నాడు అంటే వినేవాడికి ఏం అర్థమవుద్ది? ఏదో ఒకటి చెప్పాలి గదా."

మా ఆయన ఆ ఆకుపచ్చ గుడ్డ ముందుకు నడిచారు. "అయితే ఇంకోటి తియ్యి. ఇప్పుడే" అని కుర్చీలో కూర్చున్నారు.

రెండో వీడియోలో ఆయన నిదానంగా మాట్లాడారు. తను సిగరెట్ పూర్తిగా మానలేదని, ఈ మెషిన్ వదలడం సిగరెట్ కన్నా కష్టంగా ఉందని, అమ్మడం కూడా నేరమని, పిల్లలు దీన్ని ముట్టుకోవద్దని. అన్నీ సరైన మాటలే. కానీ వినేవాడి గుండెకు తగిలే మాట ఒక్కటే ఉంది, దాన్ని ఆయన చెప్పలేరు. మా ఇంటి పిల్ల ఇట్లా అయిందని చెబితే ఆ పిల్ల పెళ్ళీడు పిల్ల, పేరు ఊరంతా పాకుతుంది. రెండు సార్లు నోటిదాకా వచ్చి ఆగడం పక్కన నిలబడ్డ నాకు కనిపించింది. కెమెరాలో అది తడబాటులా పడింది.

ఆ వీడియోను చూసింది కొద్దిమంది. చూసినవాళ్ళలో ఒకడు కింద "సిగరెట్ కంపెనీ ఎంతిచ్చింది అన్నా?" అని రాశాడు. ఎదుటి వర్గంవాళ్ళు రెండు వీడియోలనూ ఒకదాని పక్కన ఒకటి పెట్టి, మాట మీద నిలబడని మనిషికి కాలువ నీళ్ళ సంఘంలో చోటెందుకని ఊరి గ్రూపులో తిప్పారు. మొదటి వీడియో ఛానెల్లోంచి పోయింది. ఎవరెవరి ఫోన్లలోనో మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంది.

మెషిన్‌ను ఆయన రోకలిబండతో చితక్కొట్టారు. మా అత్త చూసి, "దాన్ని కొడితే ఏమొచ్చిద్దిరా" అని మొహం తిప్పుకుంది. రెండు రోజులు ఒంట్లో బాగోలేదని పడుకున్నారు. మూడో రోజు మళ్ళీ సిగరెట్ ప్యాకెట్ కొన్నారు. తర్వాత డాక్టరుగారు సిగరెట్ మానడానికి రాసిన గమ్ నమలడం మొదలుపెట్టారు. ఇప్పటికీ నములుతున్నారు. ఒక్కోసారి చొక్కా ఉతికేటప్పుడు పాత వాసన తగులుతుంది.

అమ్మాయి సంగతి వాళ్ళ నాన్నకు తనే చెప్పింది. నేను చెప్పమనలేదు. పరీక్షలో ఒక పేపరు పోయింది. ఎందుకు పోయిందని అతను గద్దిస్తే, మిరపకాయలు ఆరబోసిన కల్లంలో అందరం ఉండగా, తల వంచుకుని మొత్తం చెప్పేసింది. మా మరిది చెయ్యెత్తాడు. కొట్టలేదు, కానీ ఆ చెయ్యి చాలాసేపు దిగలేదు.

"నీకు ముందే తెలుసా వదినా?" అన్నాడు నాతో.

"తెలుసు. డాక్టరుకు చూపిస్తన్నాం."

"అందరికీ తెలుసు. నాకే తెలవదు. ఇంక కాలేజీ లేదు, ఏమీ లేదు. పదండి ఇంటికి."

మా తోటికోడలు ఏడుస్తూ కాయల మీదే కూలబడింది. అప్పుడు మా ఆయన తమ్ముడి ముందుకొచ్చి నిలబడ్డారు. "అది నా నోటి మాట విని మొదలుపెట్టింది. తిట్టేదేదో నన్ను తిట్టు. పిల్ల చదువు ఆపబాక" అన్నారు.

మరిది అన్న మొహంలోకి చూశాడు. "నువ్వు మగాడివన్నా. అది ఆడపిల్ల" అన్నాడు. అంతే అన్నాడు. మా ఆయన పక్కకు జరిగారు. కల్లంలో ఘాటుకు అందరికీ కళ్ళు నీళ్ళు కారుతున్నాయి, ఎవరు ఏడుస్తున్నారో ఎవరు కాదో తెలియలేదు.

చివరికి చదువు ఆగకుండా చూసింది మా అత్త. సాయంత్రం చిన్నకొడుకుని పిలిచి, "మీ నాయన నోట్లోంచి చుట్ట నేను లాగలేదు. నీ నోట్లోంచి సిగిరెట్టు నీ పెళ్ళాం లాగలేదు. ఆడపిల్ల చేతిలోంచి పుస్తకం మాత్రం లాగొచ్చా?" అన్నది. మరిది లేచి వెళ్ళిపోయాడు. మర్నాడు కబురు పంపాడు. హాస్టల్ వద్దు, ఇంటి దగ్గర్నుంచి బస్సులో వెళ్ళి రావాలి. ఫోను ఇంట్లో పెట్టి పోవాలి. అమ్మాయి రెంటికీ ఒప్పుకుంది.

మా ఆయనకు ఇప్పటికీ ఫోన్లు వస్తాయి. మొన్న అన్నం తింటుండగా దాచేపల్లి నుంచి ఎవరో చేశారు. ఆయన కంచం పక్కకు జరిపి, ఎంగిలి చెయ్యి ఎండిపోయేదాకా అతనికి అంతా చెప్పారు. అవతలి మనిషి ఊ కొడుతూ విని, చివరకు, "అదంతా సరే అన్నా, నీకు దగ్గు తగ్గిందా లేదా, అది చెప్పు" అన్నాడు. స్పీకర్లో నాకూ వినపడింది. తగ్గిందనాలి, నిజం కాబట్టి. ఆయన ఏమీ అనకుండా ఫోను పెట్టేశారు.

అమ్మాయి వెళ్ళే బస్సులోనే నేనూ బడికి పోతాను. పొద్దున వాళ్ళ నాన్న బండి మీద తెచ్చి దింపుతాడు. బస్సు వచ్చేదాకా మాతో మాట్లాడడు. కొట్టు దగ్గర సిగరెట్ ముట్టించి, రోడ్డు వైపు చూస్తూ నిలబడతాడు. మెషిన్ మానేసి అమ్మాయికి కొన్ని నెలలైంది. పోయిన పేపరు మళ్ళీ రాసింది. కాస్త ఒళ్ళు చేసింది. నవ్వుతోంది కూడా.

నిన్న బస్సు కాస్త ఆలస్యంగా కదిలింది. అమ్మాయి కిటికీ పక్కన, నేను ఇవతల. మరిది వదిలిన పొగ తిన్నగా కిటికీలోంచి లోపలికొచ్చింది. ఆ కంపు పడదన్న పిల్ల కళ్ళు మూసుకుని, గుండెల నిండా ఒక్కసారి పీల్చింది. మరుక్షణం ఉలిక్కిపడి నా వైపు చూసింది. నేను సంచిలో ఏదో వెతుకుతున్నట్టు తల వంచుకున్నాను. అమ్మాయి అద్దం లాగేసింది. ఎండాకాలం, లోపల ఉక్కపోస్తోంది. నరసరావుపేట ఇంకా చాలా దూరం.